నడుం పట్టేసింది, యోగా మళ్ళీ మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: నా వయసు 49. ఖమ్మంలో కిరాణా షాపు నడుపుతున్నాను. పొద్దున ఏడింటికి షట్టర్ ఎత్తితే రాత్రి పదింటికి దించుతాను. రోజంతా గల్లాపెట్టె దగ్గర స్టూలు మీద కూర్చోవడం, మధ్యమధ్యలో బస్తాలు దించుకోవడం. రెండేళ్ళుగా బీపీకి టాబ్లెట్ వేసుకుంటున్నాను. పొట్ట బాగా పెరిగింది. పొద్దున లేస్తే ఒళ్ళంతా బిగుసుకుపోయి ఉంటుంది. మా అమ్మాయి మ్యాట్ కొనిచ్చి, ఫోన్లో వీడియో పెట్టి సూర్యనమస్కారాలు చేయమంది. ఐదున్నరకు లేచి పన్నెండు చేద్దామని మొదలుపెట్టాను. నాలుగోదానికి వంగినప్పుడు నడుం పట్టేసింది. వారం రోజులు లేవాలంటే కష్టమైంది. ఇప్పుడు తగ్గింది. ఈ వయసులో ఇవన్నీ ఎందుకంటోంది మా ఆవిడ. నాకు మాత్రం మానేయాలని లేదు. నాలాంటివాళ్ళు చేయొచ్చా? గురువు లేకుండా ఇంట్లోనే నేర్చుకోవచ్చా? కపాలభాతి చేస్తే పొట్ట పోతుందంటారు, నిజమేనా? మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఆమె ఏం చేయొచ్చు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: తప్పకుండా చేయొచ్చు. అంత నొప్పి పడ్డాక కూడా మానేయాలని లేదని రాశారు చూడండి, ఆ మాట చదివి చాలా సంతోషమేసింది. నలభై తొమ్మిది యోగాకు దాటిపోయిన వయసేమీ కాదు. మీరు మొదలుపెట్టిన చోటే సరైంది కాదు. అందులో మీ తప్పుగానీ మీ అమ్మాయి తప్పుగానీ లేదు. యోగా అనగానే అందరూ ముందు సూర్యనమస్కారాలే చూపిస్తున్నారు.

మళ్ళీ మ్యాట్ పరిచే ముందు ఒక విషయం తేల్చుకోండి. ఆ నొప్పి నడుం దగ్గరే ఉండి తగ్గిపోయిందా, లేక పిర్ర మీదుగా దిగి మోకాలు దాటి కిందికి పాకిందా? కాల్లో తిమ్మిరి, మంట ఉన్నా, పాదం పైకి ఎత్తడంలో బలం తగ్గినట్టున్నా ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇవేవీ లేకుండా వారంలో తగ్గిందంటే చాలావరకు కండరం పట్టేయడమే అయ్యుంటుంది. అయినా బీపీ చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు యోగా మొదలుపెడుతున్నానని చెప్పి, బీపీ అదుపులో ఉందో లేదో చూపించుకోండి. ఆ ఒక్క సంగతి తెలిస్తే ఏవి చేయాలో ఏవి మానాలో సగం తేలిపోతుంది.

ఇక నడుం ఎందుకు పట్టేసిందో అర్థం చేసుకుందాం. అది తెలిస్తే భయం పోతుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు మనం పడుకున్నప్పుడు నీరు పీల్చుకుని కాస్త ఉబ్బుతాయి. రాత్రి ఉన్న ఎత్తు కంటే పొద్దున్నే మనిషి ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా ఎక్కువ ఎత్తు ఉండేది అందుకే. అలా ఉబ్బి ఉన్నప్పుడు నడుం వంచితే డిస్కుల మీద, చుట్టూ ఎముకలను కలిపి ఉంచే పట్టీల మీద మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పడుతుంది. లేచి గంటసేపు అటూ ఇటూ తిరిగితే అది చాలావరకు సర్దుకుంటుంది. మీరేమో మంచం దిగీ దిగగానే, మోకాళ్ళు బిగించి, చేతులు నేలకు ఆనించాలని వంగారు. దానికి తోడు రోజంతా స్టూలు మీద కూర్చునేవాళ్ళకు తొడల వెనక కండరాలు పొట్టిగా బిగుసుకుని ఉంటాయి. అవి సాగకపోతే తుంటి దగ్గర వంగాల్సిన మనిషి నడుం దగ్గర వంగుతాడు. వీడియోలోని కుర్రాడు ఎంత వేగంగా వంగితే మీరూ అంత వేగంగా వంగి ఉంటారు. నాలుగోసారి దాకా నడుం ఓర్చుకుందంటే అదే గొప్ప.

సూర్యనమస్కారాలు మంచివే, వాటిమీద నాకేమీ కోపం లేదు. కానీ అవి ఎవరికోసం ప్రచారంలోకి వచ్చాయో చూడండి. వాటిని వ్యాయామంగా ఊరూరా వ్యాపింపజేసినవారిలో ముఖ్యుడు మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావు పంత్ ప్రతినిధి. 1920లలో ఆయన తన సంస్థానంలోని బడిపిల్లల చేత అవి చేయించాడు. 1930లలో మైసూరు ప్యాలెస్‌లో యోగా గురువు కృష్ణమాచార్య యోగశాల నడిపినప్పుడూ ఎదురుగా ఉన్నది ఎక్కువగా కుర్రాళ్ళే. ఆ కృష్ణమాచార్యే తరువాత మద్రాసులో పెద్దవాళ్ళకు, రోగులకు నేర్పేటప్పుడు పద్ధతి మార్చి, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకు వేరుగా చెప్పాడు. ఆయన శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ కుర్చీలు, దుప్పట్లు, చెక్క ఇటుకలు, గోడకు కట్టిన తాళ్ళు తెచ్చి, వంగలేనివాళ్ళకు కూడా ఆసనం అందేలా చేశాడు. అంటే మీలాంటివాళ్ళు చేయదగ్గ యోగా కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు. ఎప్పటినుంచో ఉంది. ఫోన్లో తేలిగ్గా కనపడదు, అంతే.

మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. ఆసనం ఎంతవరకు చేయాలో శ్వాసను బట్టి తేల్చుకోండి. ముక్కుతో నెమ్మదిగా, చప్పుడు లేకుండా గాలి ఆడుతున్నంతవరకే అది ఆసనం. ఊపిరి బిగబట్టారన్నా, నోరు తెరిచి ఎగపోస్తున్నారన్నా, దవడలు బిగుసుకున్నాయన్నా హద్దు దాటినట్టే. వెంటనే రెండు అంగుళాలు వెనక్కి రండి. మీరు కాటా మీద అంకె నిలిచాకే బరువు చదువుతారు కదా, ఇక్కడా అంతే. భంగిమలోకి వెళ్ళాక శ్వాస నిలకడగా సాగేదాకా ఆగి, అప్పుడు నాలుగైదు శ్వాసలు లెక్కపెట్టుకోండి. పతంజలి ఆసనం గురించి చెప్పింది కూడా స్థిరంగా, సుఖంగా ఉండాలనే. నేల అందాలని ఎక్కడా చెప్పలేదు. బీపీ ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. ఊపిరి బిగబట్టి కండరాన్ని బిగిస్తే ఆ క్షణంలో బీపీ బాగా పైకి లేస్తుంది. బస్తా ఎత్తేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. కాబట్టి గాలి వదులుతూ ఎత్తడం అక్కడా అలవాటు చేసుకోండి.

సరే, మొదలుపెడదాం. లేవగానే వద్దు. లేచాక కాలకృత్యాలు తీర్చుకుని, గ్లాసుడు నీళ్ళు తాగి, ఇంట్లో పనులు చూసుకుంటూ అరగంట, వీలైతే ఇంకాసేపు తిరగండి. కాఫీయో టీయో మామూలుగా తాగేవాళ్ళయితే కొంచెం తాగినా ఫరవాలేదు, టిఫిన్ మాత్రం తరువాతే. అప్పుడు మ్యాట్ మీద, అది జారుతుంటే దళసరి జంపఖానా మీద, వెల్లకిలా పడుకోండి. అవును, పడుకునే మొదలుపెట్టాలి. పడుకుంటే వెన్ను మీద బరువుండదు, నేల ఆసరాగా ఉంటుంది, పడతామన్న భయం ఉండదు.

మోకాళ్ళు మడిచి పాదాలు నేలకు ఆనించండి. ఒక అరచెయ్యి బొడ్డు మీద, ఇంకొకటి ఛాతీ మీద పెట్టుకోండి. గాలి పీల్చినప్పుడు బొడ్డు మీది చెయ్యి లేవాలి, వదిలినప్పుడు దిగాలి. చాలామందికి మొదట ఛాతీ మీది చెయ్యే లేస్తుంది. కంగారుపడకండి, రెండు మూడు రోజుల్లో పట్టుబడుతుంది. ఇలా రెండు నిమిషాలు. తరువాత ఒక మోకాలిని రెండు చేతులతో, తొడ వెనకనుంచి పట్టుకుని, గాలి వదులుతూ పొట్టవైపు తెచ్చుకోండి. తల లేపొద్దు. పొట్ట అడ్డొస్తే మోకాలిని కాస్త పక్కకు, చంకవైపు తీసుకోండి. ఐదు శ్వాసలు, తరువాత రెండో కాలు. పవనముక్తాసనంలో మీకు ఇప్పటికి ఇంతే కావాలి. రెండు కాళ్ళూ కలిపి తల మోకాలికి తగిలించే పద్ధతి వద్దు.

దీని తరువాత సేతుబంధాసనం. ఇది కాస్త వివరంగా చెబుతాను. రోజంతా కూర్చునేవాళ్ళకు దీన్ని మించిన ఆసనం నాకు తెలియదు. అలాగే పడుకుని, పాదాల మధ్య జానెడు దూరం ఉంచి, మడమలు పిర్రలకు దగ్గరగా తెచ్చుకోండి. చేతులు పక్కన, అరచేతులు నేలకు. ముందు గాలంతా వదిలి, నడుం కింద ఉన్న ఖాళీని నేలకు అదమండి. ఇప్పుడు పాదాలతో నేలను నొక్కుతూ, గాలి పీలుస్తూ, ముందు తోక ఎముక, తరువాత నడుం, ఆ తరువాత వీపు, ఒక్కొక్క వెన్నుపూసనూ నేలనుంచి ఊడదీస్తున్నట్టు లేపండి. మోకాళ్ళు బయటికి పోనివ్వొద్దు. ఎంత ఎత్తు అని చూడకండి. పిర్రల కండరాలు పని చేస్తున్నట్టు తెలిసేంత ఎత్తు చాలు. నడుంలో పట్టేసినట్టుంటే ఎక్కువ లేపారన్నమాట. గాలి వదులుతూ పైనుంచి కిందికి, వీపు, నడుం, తోక ఎముక వరసలో దించండి. ధబ్బున వదిలేయకూడదు. ఆసనంలోకి వెళ్ళేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు, బయటికి వచ్చేటప్పుడే నడుం పట్టేస్తుంది. ఇలా ఐదారుసార్లు. కూర్చుని కూర్చుని నిద్రపోయిన పిర్రల కండరాలు ఇలా మేలుకుంటే, బస్తా ఎత్తేటప్పుడు నడుం మీద పడే భారం అవి పంచుకుంటాయి.

ఆ తరువాత పక్కకు తిరిగి, చేతి ఆసరాతో లేచి, అరచేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి పిల్లిలా నిలబడండి. మోకాళ్ళ కింద దుప్పటి మడత వేసుకోవచ్చు. గాలి పీలుస్తూ ఛాతీ ముందుకు, వదులుతూ వీపు పిల్లిలా పైకి. ఇది మార్జాలాసనం. నడుం నొప్పి పడిన మనిషికి వెన్ను ఎటు ఎంత కదులుతుందో మళ్ళీ నమ్మకం కలిగేది దీంట్లోనే. ఎనిమిది పదిసార్లు నింపాదిగా చేయండి. తరువాత బోర్లా పడుకుని, మోచేతులు భుజాల కింద ఆనించి ఛాతీ లేపండి. భుజంగాసనంలో సగం అనుకోండి. చేతులు పూర్తిగా చాచి లేచే భుజంగాసనం ఓ నెల తరువాత చూద్దాం.

నిలబడి చేసేవాటిలో మొదటి నెల గోడను వదలొద్దు. రెండు చేతులూ పైకెత్తి నిటారుగా నిలబడే తాడాసనం, చెయ్యి పైకెత్తి పక్కకు వంగే అర్ధకటి చక్రాసనం చాలు. నిలబడి ముందుకు వంగి పాదాలు అందుకునే పాదహస్తాసనం బదులు, రెండు అరచేతులూ ఛాతీ ఎత్తులో గోడకు ఆనించి, అడుగు అడుగు వెనక్కి జరుగుతూ, తుంటి దగ్గర మడవండి. మోకాళ్ళు కొద్దిగా వదులుగానే ఉంచండి. వీపు బల్లలా చదునుగా రావాలి, గూనిగా వస్తే చేతులు ఇంకా పైకి జరపండి. తొడల వెనక లాగుతున్నట్టు తెలుస్తుంది, నడుంలో ఏమీ తెలియకూడదు.

చివర్లో శవాసనం. మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని ఐదు నిమిషాలు పడుకోండి. షాపు తెరవాలన్న తొందరలో ఎగ్గొట్టేది దీన్నే. దయచేసి ఎగ్గొట్టకండి. మొత్తం అంతా కలిపి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకు మించదు. ఆదివారం గంటన్నర చేసి మిగతా రోజులు మానేసే కంటే, వారంలో ఐదు రోజులు ఇంతే చేయడం ఎంతో మేలు. కండరాలు త్వరగానే అలవాటు పడతాయి గానీ, కీళ్ళ పట్టీలకు, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులకు చాలా నెలలు పడుతుంది. నెలకే ఒళ్ళు తేలికైందని మళ్ళీ పన్నెండు సూర్యనమస్కారాలకు దూకితే కథ మొదటికొస్తుంది. మూడు నెలలు ఇలా నడిచాక, తెలిసినవాళ్ళ ముందు, ఒక్కో భంగిమలో రెండు శ్వాసలు ఆగుతూ, రెండు నమస్కారాలతో మొదలుపెట్టండి.

కపాలభాతి గురించి అడిగారు. ఇది అందరూ అడిగే ప్రశ్న కాబట్టి నిక్కచ్చిగా చెబుతాను. దాంతో పొట్ట కొవ్వు కరగదు. పొట్ట కండరాలను కుదిపినంత మాత్రాన వాటి పైనున్న కొవ్వు అక్కడికక్కడ ఖర్చవదు. హఠయోగ గ్రంథాలు కపాలభాతిని ధౌతి, నేతి, నౌలి లాంటివాటితో కలిపి ఆరు శుద్ధి క్రియల్లో ఒకటిగా చెప్పాయి. దాని ఫలంగా చెప్పింది కఫదోషం పోవడం. బీపీ అదుపులో లేనివాళ్ళు, గుండె జబ్బు, హెర్నియా, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళు, ఈ మధ్య పొట్టకు ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు దాని జోలికి పోకూడదు. కొలిమితిత్తిలా గాలిని బలంగా పీల్చి వదిలే భస్త్రికకూ ఇదే వర్తిస్తుంది. మీరు ప్రస్తుతానికి రెండూ పక్కన పెట్టండి. వాటి బదులు, కూర్చుని నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేదాకా వదలండి. మధ్యలో బిగబట్టొద్దు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. ఐదు నిమిషాలు చేస్తే మీకే తెలుస్తుంది. శీర్షాసనం, సర్వాంగాసనం లాంటి తలకిందుల ఆసనాల మాట మీరు మర్చిపోవచ్చు. మీకు వాటితో పనిలేదు. ఇంకొక్క జాగ్రత్త: బీపీ మందులు వాడేవాళ్ళకు పడుకుని గబుక్కున లేస్తే కళ్ళు తిరగొచ్చు. పక్కకు తిరిగి, కూర్చుని, రెండు శ్వాసలు ఆగి లేవండి. యోగాతో బీపీ కొంత తగ్గొచ్చు. అయినా టాబ్లెట్ తగ్గించడం, మానేయడం డాక్టరు చెప్పాకే. ఇందులో ఎవరి మాటా వినకండి, యోగా గురువు మాట కూడా.

పొట్ట తగ్గాలంటే నడక కావాలి, రాత్రి పదింటి తరువాత తినే భోజనం సంగతి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాలు, ఒంటికి కాస్త వేడి పుట్టే శ్రమ ఉండాలంటుంది. మీరు చేయబోయే నెమ్మదైన యోగా ఆ లెక్కలోకి అంతగా రాదు. షాపు దూరం కాకపోతే బండి మానేసి నడిచి వెళ్ళండి. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఆరుబయట పావుగంట నడవండి. అన్నం షాపుకే తెప్పించుకుని ఎనిమిదింటికల్లా తినేస్తే రాత్రి ఇంటికొచ్చి మజ్జిగ తాగి పడుకోవచ్చు. నడుం విషయంలో మాత్రం యోగా మీద ధైర్యంగా నమ్మకం పెట్టుకోండి. దీర్ఘకాలం వేధించే నడుం నొప్పికి ముందు మందులు లేని మార్గాలు ప్రయత్నించమని అమెరికాలోని వైద్య నిపుణుల సంఘం ఒకటి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో యోగా పేరు కూడా ఉంది.

షాపులో కూడా మీకు చోటు దొరుకుతుంది. అరగంటకోసారి స్టూలు మీంచి లేవండి. పై అరలోంచి సబ్బుల పెట్టె తీసేటప్పుడు రెండు చేతులూ పైకెత్తి మడమలు లేపి రెండు శ్వాసలు ఆగండి, అదే తాడాసనం. పాతిక కిలోల బస్తాకు నడుం వంచకుండా తుంటి, మోకాళ్ళు మడిచి దగ్గరగా తీసుకోండి. పొద్దున గోడ దగ్గర నేర్చుకునేది ఇందుకే.

గురువు కావాలా అంటే, కావాలి. రోజూ అక్కర్లేదు. మొదటి నెలలో నాలుగైదుసార్లు ఎవరైనా పక్కన నిలబడి మీ వెన్ను చూడటం అవసరం. మనం వీపు చదునుగా ఉందనుకుంటాం, నిజానికి గూనిగా ఉంటుంది. వీడియో ఆ సంగతి చెప్పదు. దగ్గర్లోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో, అంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో, అడిగి చూడండి. కొన్నిచోట్ల యోగా శిక్షకులుంటారు, డబ్బు తీసుకోరు. ఎక్కడికి వెళ్ళినా మొదటి రోజే ఒకటి గమనించండి. మీకేం జబ్బులున్నాయి, ఏం మందులు వాడుతున్నారు అని అడగకుండా మొదలుపెట్టే చోటు మీకు పనికిరాదు. వంగినప్పుడు వీపు మీద చేత్తో నొక్కేవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళకండి. జబ్బులు నయం చేస్తామని మందులు ఆపేయమనేవాళ్ళకు దూరంగా ఉండండి. అప్పటిదాకా మీ అమ్మాయిని పక్కనుంచి మీ వీడియో తీయమనండి. సేతుబంధాసనం, గోడ దగ్గర వంగడం, ఈ రెండూ తీసి చూసుకుంటే మీరే సగం దిద్దుకోగలరు.

ఇక మీ ఆవిడ సంగతి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మడమల మీద కూర్చునే వజ్రాసనం, పద్మాసనం, గొంతుక్కూర్చునే భంగిమలు చేయకూడదు. భోంచేశాక వజ్రాసనం వేస్తే మంచిదని ఎవరైనా చెప్పి ఉంటే దాన్ని ఆపమనండి. చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి నిలబడటం కూడా ఆమెకు వద్దు. మార్జాలాసనం కదలికలనే కుర్చీలో కూర్చుని, చేతులు తొడల మీద పెట్టుకుని చేయొచ్చు. ముఖ్యంగా కావలసింది తొడ ముందు కండరాల బలం. వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి ఉంచి, రెండో కాలు నిటారుగా చాచి నేలకు జానెడు ఎత్తు లేపి, రెండు శ్వాసలు ఆపి దించాలి. కాలికి ఎనిమిది సార్లు. నొప్పి రానంత ఎత్తులో సేతుబంధాసనం ఆమె కూడా చేయొచ్చు. కింద కూర్చుని లేవడం కష్టమైతే గట్టి పరుపున్న మంచం మీద చేసినా సరిపోతుంది. మోకాలు వాచి, ముట్టుకుంటే వేడిగా ఉన్న రోజుల్లో మాత్రం అన్నీ ఆపేసి డాక్టరుకు చూపించండి.